గూడబాతుల వెనకాల ఒక చలికాలం: ఆటపాక నుంచి నేలపట్టు దాకా

ఆటపాకలో పడవ ఎక్కేదాకా మా బాబాయి ఒకే మాట మీద ఉన్నాడు, ఈ పక్షులు సైబీరియా నుంచి వస్తాయని. ఏటా పేపర్లో అలాగే రాస్తారు, టీవీలో అలాగే చెబుతారు, మరి అబద్ధమెలా అవుతుందన్నది ఆయన వాదన. "అంత దూరం నుంచి మన కొల్లేటికి పురిటికొస్తాయే అమ్మాయ్" అని డ్రైవరుకు కూడా వినిపించేలా చెప్పాడు. నేను కాదంటే నమ్మడు. సరే, ముందు చూసొద్దాం, తర్వాత పోట్లాడుకుందాం అనుకున్నాం. నవంబరు నెలాఖరున ఒక్క ఆదివారం కోసం మొదలైన ప్రయాణం ఫిబ్రవరి దాకా సాగి నాలుగు ఊళ్లయింది. నాలుగు చోట్లా మేం చూడబోయింది ఒకే పక్షిని, గూడబాతుని, అంటే పెలికాన్‌ని.

ఈ పేరు ఎలా వచ్చిందో నాకు మొదటిరోజే తెలిసింది, అదీ బాబాయి వల్లే. పడవకు పదడుగుల దూరంలో ఒక పక్షి ముక్కు తెరిచి నీళ్లలో ముంచింది. కింది ముక్కుకు వేలాడే తోలు సంచి ఒక్కసారిగా ఉబ్బింది. తల మెల్లగా పైకెత్తి, ముక్కును గుండెకు ఆనించి, నీళ్లన్నీ కారిపోయేదాకా అలాగే ఆగింది. తర్వాత ముక్కు ఆకాశానికెత్తి ఒక్క గుటక. బాబాయి తొడ చరిచి "గూడేస్తోందే!" అన్నాడు. చిన్నప్పుడు ఆయనా మా నాన్నా కాలవకు చెరోవైపు నిలబడి, తాళ్లు కట్టిన గూడతో చేలోకి నీళ్లు తోడేవాళ్లట. ముంచడం, ఎత్తడం, ఒంపడం, అన్నీ అవే. తేడా ఒక్కటే. రైతుకు నీళ్లు కావాలి, దీనికి నీళ్లు అక్కర్లేదు. సంచిలో చేపలు దాచుకుని ఇంటికి మోసుకెళుతుందని చాలామంది అనుకుంటారు గానీ, అది దాచుకునే సంచి కాదు, పట్టే వల. చేపను వెంటనే మింగేస్తుంది. పిల్లలకు పెట్టేది పొట్టలోంచి తిరిగి తీసిన చేపే.

దూరం నుంచి చూస్తే ఇది అందమైన పక్షేమీ కాదు. ఒళ్లంతా బూడిదా మురికి తెలుపూ కలిసిన రంగు, తల వెనక దువ్వని జుట్టు. ముక్కు కొస నుంచి తోక దాకా నాలుగైదు అడుగుల పొడవు, బరువు 4 నుంచి 6 కిలోలు, రెక్కలు చాపితే సుమారు రెండున్నర మీటర్లు. దగ్గరికెళితే పైముక్కు అంచు వెంట వరసగా నీలి చుక్కలు కనబడతాయి, ఇంకు పెన్నుతో ఎవరో ఓపిగ్గా పెట్టినట్టు. ఇంగ్లీషులో స్పాట్ బిల్డ్ పెలికాన్ అన్నది ఆ చుక్కల్ని చూసే. గూడు కట్టే రోజుల్లో నడుం దగ్గర లేత గులాబి రంగు తేలుతుంది. అది రెక్క విప్పితేనే కనబడుతుంది.

ఆటపాక కైకలూరుకు రెండు కిలోమీటర్లే. గుడివాడ, భీమవరం లైన్లో రైలు దిగి ఆటో ఎక్కితే చాలు. మేం విజయవాడ నుంచి కారులో వెళ్లి మొదటి తప్పు చేశాం: దారిలో టిఫిన్లూ ఫొటోలూ అంటూ పదకొండింటికి చేరాం. అప్పటికి ఎండెక్కింది. పెద్ద పక్షులు సగం పైనే ఉన్నాయి, గాల్లో సుడులు తిరుగుతూ. ఈ బరువుకు రెక్కలాడిస్తూ ఎంతో దూరం పోవడం కష్టం కాబట్టి, ఎండకు నేల వేడెక్కి గాలి పైకి లేచేదాకా ఆగి, ఆ గాలి మీద ఎక్కుతాయి. రెక్క కదపకుండా గుండ్రంగా తిరుగుతూ చుక్కలైపోతాయి. ఇది చూడ్డానికి బాగుంటుంది గానీ, మెడ నొప్పెడుతుంది. పక్షుల్ని దగ్గరగా చూడాలంటే ఉదయం ఆరున్నర నుంచి తొమ్మిది లోపు, లేదా సాయంత్రం నాలుగు తర్వాత. ఆ రాత్రికి కైకలూరులోనే ఉండిపోయి, మర్నాడు పొద్దున్నే మళ్లీ వెళ్లాం. ఈ వ్యాసంలో ఆటపాకకు నేనిచ్చే మార్కులన్నీ ఆ రెండో రోజువే.

బస గురించి పెద్దగా చెప్పుకోడానికేం లేదు. మాకు దొరికిన లాడ్జిలో వేడినీళ్లు అడిగితే కుర్రాడు బకెట్‌తో మేడెక్కి తెచ్చిచ్చాడు, అది మంచి. దుప్పట్లో ముందు పడుకున్నవాళ్ల సిగరెట్ వాసన, అది చెడు. దోమల కాయిల్ వెంట తీసుకెళ్లండి. కొరమీను పులుసు మాత్రం అడిగి తినండి. బాబాయి మూడుసార్లు అన్నం పెట్టించుకున్నాడు.

ఆటపాకలో గూళ్లు చెట్ల మీద కన్నా ఇనుప స్టాండ్ల మీదే ఎక్కువ. నీళ్లలో పాతిన స్తంభాలకు అంతస్తులుగా బల్లలు బిగించి ఉంటాయి. ఫొటోల్లో చూసినప్పుడు నాకు నచ్చలేదు, సెల్ టవర్ మీద కాపురం పెట్టినట్టుంటుందని. దగ్గరికెళ్లాక ఆ మాట వెనక్కి తీసుకున్నాను. పక్షికి కావాల్సింది నక్కకూ కుక్కకూ అందని ఎత్తు, చుట్టూ నీళ్లు, ఎగిరెళ్లే దూరంలో చేప. ఆ మూడూ ఉన్నాక కింద ఉన్నది కొమ్మా ఇనుమా అని అది చూసుకోవడం లేదు. పుల్లలు తెచ్చి పేర్చి, పక్కింటివాళ్ల పుల్లలు లాగి, తిట్లు తిని, మామూలుగానే కాపురం చేస్తోంది. స్టాండ్లు ఎందుకు అవసరమయ్యాయన్నది వేరే కథ. 1946లో కె.కె. నీలకంఠన్ అనే కేరళ పక్షి శాస్త్రవేత్త కొల్లేటి ప్రాంతంలోని ఆరేడు అనే ఊరి దగ్గర ఈ పక్షుల గూళ్లను పరిశీలించి రాశారు. అప్పుడక్కడ వేలల్లో ఉండేవి. 1970లు గడిచేసరికి ఆ కాలనీయే లేకుండా పోయింది. తర్వాత కొల్లేరంతా చేపల చెరువులైంది. 1999లో 308 చదరపు కిలోమీటర్లను అభయారణ్యంగా ప్రకటించారు, 2002లో అంతర్జాతీయ ప్రాముఖ్యం ఉన్న చిత్తడి నేలల రామ్‌సర్ జాబితాలోకి వచ్చింది, 2006లో ఆపరేషన్ కొల్లేరు పేరుతో చెరువు గట్లు పేల్చారు. చేపల రైతుకూ గూడబాతుకూ తగువు మాత్రం తీరలేదు. దారిలో చెరువుల మీద వలలూ, తాళ్లకు కట్టిన మెరుపు కాగితాలూ కనబడుతూనే ఉంటాయి. పెట్టుబడి పెట్టినవాడి బాధ వాడిది. దాన్ని పడవలో కూర్చుని తీర్పు చెప్పడానికి నాకు నోరు రాలేదు.

పడవ నడిపినాయన స్టాండ్లకు మరీ దగ్గరకు పోనివ్వలేదు. వెనక పడవలో ఒకాయన "ఇంకొంచెం ముందుకు పోనీ, డబ్బులిస్తాం" అని గొడవ పెడుతున్నాడు. మా పడవాయన అలాంటివి వినిపించుకోకపోవడమే సరైన పని. పెద్ద పక్షి గూటి మీంచి లేస్తే అయిదు నిమిషాల్లో కాకి గుడ్డెత్తుకుపోతుంది. ఎండలో ఇంకా ఈకలు కూడా రాని పిల్లలుంటే, తల్లి నీడ తప్పితే ప్రాణం మీదికే వస్తుంది.

ఉప్పలపాడు గురించి నాలుగు మాటలు చాలు. గుంటూరు పక్కనే, ఊళ్లోని ఒక చెరువు. గంట చాలు. గట్టు మీద నిలబడితే సర్కారు తుమ్మల మీద ఎర్రకాళ్ల కొంగలు, తెల్ల కంకణాలు, నీటికాకులు, మధ్యలో గూడబాతులు, అన్నీ ఒక పెళ్లి విడిదిలో ఉన్నట్టు. బైనాక్యులర్లు లేకుండా, పడవ ఎక్కకుండా, పిల్లలతో, ముసలివాళ్లతో వెళ్లేవాళ్లకు ఇంతకన్నా తేలిక చోటు లేదు. వాసన భరించాలి. ఆ వాసన అన్నిచోట్లా ఉంటుంది, ఇక్కడ చెరువు చిన్నది కాబట్టి మరీ మొహానికి తగులుతుంది. గూడబాతుల కోసమే వెళ్లేవాళ్లు దీన్ని దారిలో ఆగే చోటుగా పెట్టుకోండి, గమ్యంగా కాదు.

సంక్రాంతి దాటాక తేలినీలాపురం. శ్రీకాకుళం జిల్లా టెక్కలి దగ్గర, నౌపడ స్టేషన్‌కు చేరువలో. మేం పలాసలో రైలు దిగి, ముందే ఫోన్లో మాట్లాడుకున్న కారెక్కి, ఇద్దరం నిద్రపోయాం. లేచేసరికి బండి ఇచ్ఛాపురం దగ్గరుంది. డ్రైవరుకు "పక్షుల ఊరు" అని చెప్పిన పాపానికి నేరుగా ఉత్తరానికి లాక్కెళ్లి తేలుకుంచిలో దింపాడు. అదీ పక్షుల ఊరే, కాకపోతే నత్తగుల్ల కొంగలది. అవి వానలకు వచ్చి, పిల్లల్ని లేపి, చలి ముదిరేలోపు వెళ్లిపోతాయి. జనవరిలో ఖాళీ చెట్లున్నాయి. డ్రైవరు నిజాయితీగానే పొరబడ్డాడు, బండి పంపినవాడు మాత్రం అదనపు కిలోమీటర్లకూ ముక్కుపిండి వసూలు చేశాడు. వెళ్లేవాళ్లు "తేలినీలాపురం, టెక్కలి, నౌపడ" అని మూడు పేర్లూ చెప్పండి. పూట పోయింది, బాబాయి మూడు గంటలు నాతో మాట్లాడలేదు.

మాట్లాడించింది ఆ ఊరే. ఇక్కడ పక్షులు ఊరి బయట చెరువులో కాదు, ఊరి చింత చెట్ల మీద కాపురం ఉంటాయి. కింద వాకిలి ఊడుస్తుంటారు, పైన గూడబాతు పిల్ల అరుస్తుంటుంది. పెద్దవి దాదాపు మూగవే, గూటి దగ్గర చిన్న మూలుగు తప్ప నోరెత్తవు. గోలంతా పిల్లలదే. మేం ఒకావిడ అరుగు మీద కూర్చున్నాం. "ఏటమ్మా, పచ్చుల్ని చూడ్డానికొచ్చినారా? గొడుగు తెచ్చుకోనేదా?" అని నవ్వింది. ఆ నవ్వెందుకో రెండు నిమిషాల్లోనే బాబాయి చొక్కా మీద పడింది. టోపీ తప్పనిసరి అని ఇక్కడ రాస్తున్నది అనుభవంతో.

ఆ అరుగు మీద నుంచి నాకు ఒక గూడు కళ్ల ఎదురుగా, బైనాక్యులర్లో నిండుగా కనబడింది. మూడు పిల్లలు, తెల్లటి నూగు ఒంటి నిండా. తల్లో తండ్రో, రెండూ ఒకేలా ఉంటాయి, నౌపడ ఉప్పు మడుల వైపు నుంచి వచ్చి వాలింది. దిగేటప్పుడు కాళ్లు ముందుకు చాపి, రెక్కలు వెనక్కి కొట్టి, కొమ్మ ఊగిపోతుంటే నిలదొక్కుకుంది. ఆ కాళ్లకు నాలుగు వేళ్లూ కలిపి ఒకే తోలు ఉంటుంది. బాతుకు మూడు వేళ్లకే. అంత వెడల్పు పాదంతో కొమ్మ పట్టుకోవడం ఎలాగో నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. గుడ్లకు వేడి ఇచ్చేదీ ఆ పాదాలతోనే. సుమారు నెల రోజులు అలా పొదగాలి.

పెద్దది నోరు తెరవగానే ఒక పిల్ల తలతో సహా మెడ దాకా లోపలికి దూరింది. బయటికి లాక్కునేదాకా ఏదో మింగుడు పడుతున్నట్టు సంచి అంతా కదులుతూనే ఉంది. రెండోది తన వంతు కోసం ఆగలేక రెక్కలు గూటికేసి కొట్టుకుంటూ, తన రెక్కనే తాను కొరుకుతూ, మూర్ఛొచ్చినట్టు పడి దొర్లింది. బాబాయి కంగారుపడి లేచి నిలబడ్డాడు. ఆవిడ తాపీగా "ఆకలేస్తే అలగే సేస్తాది బావూ, రోజూ ఉన్నదే" అంది. పెలికాన్ పిల్లలు తిండి కోసం ఇలా గిలగిల్లాడడం మామూలేనని తర్వాత చదివాను. మూడోది, అన్నిటికన్నా చిన్నది, ఆ గంటసేపట్లో ఒక్కసారీ ముందుకు రాలేదు. దాని సంగతి ఏమవుతుందో ఆవిడ చెప్పలేదు, మేమూ అడగలేదు.

చెట్ల మీంచి పిల్లలు పడిపోవడం ఇక్కడ ఎప్పుడూ ఉండే బాధ. 2022 మొదట్లో అయితే పెద్ద పక్షులే వందకు పైగా చచ్చిపోయాయి, చేపల ద్వారా లోపలికి చేరిన పురుగుల వల్ల. ఆ ఏడాది మాట ఎత్తితే ఆవిడ గొంతు మారింది. పక్షులు రాని ఏడు ఊరికి మంచిది కాదని వీళ్ల నమ్మకం. టపాకాయలు కాల్చరు, గూటి మీద రాయి వెయ్యనివ్వరు. నేను చూసిన నాలుగింటిలో జనమూ పక్షీ ఇంత దగ్గరగా ఉన్నది ఇదొక్కటే.

ఇక్కడే బాబాయి సైబీరియా తగువు పెద్దదైంది. ఆవిడా సైబీరియా అనే అంది కాబట్టి, ఇద్దరు సాక్షులయ్యారు. నిజానికి ఈ పక్షి ఉండేదంతా దక్షిణాసియా, ఆగ్నేయాసియాల్లోనే. గూళ్లు కట్టేది దక్షిణ భారతం, శ్రీలంక, కంబోడియా లాంటి చోట్ల. శాస్త్రీయ నామంలో ఫిలిప్పీన్స్ ఉంది గానీ అక్కడ ఇప్పుడు ఒక్కటీ మిగల్లేదు. మార్చి దాటి పిల్లలు ఎగిరాక ఇవి మంచు దేశాలకు పోవు, నీళ్లున్న చెరువులు వెతుక్కుంటూ మన చుట్టుపక్కలే చెదిరిపోతాయి. చలికాలంలో ఉత్తరపు దేశాల నుంచి వచ్చే పెలికాన్ వేరే ఉంది, ఇంకా పెద్దది, తెల్లగా, గులాబి ఛాయతో. అది ఇక్కడ గూడు పెట్టదు. ఈ రెంటినీ కలిపేసి విదేశీ అతిథులు అనేస్తున్నాం. "సైబీరియాలో జనవరిలో చెరువులు గడ్డకట్టి ఉంటాయి బాబాయ్, నిజమే, అందుకే వచ్చేవి వస్తాయి. కానీ గుడ్డు పెట్టిన చోటే కదా పుట్టిల్లు? ఇవి గుడ్డు పెట్టేది ఇక్కడే" అన్నాను. "పురిటికి పుట్టింటికే కదే వచ్చేది, నేనూ అదే అన్నాను" అన్నాడు. వాదనలో మా బాబాయిని ఓడించినవాళ్లు మా ఇంట్లో లేరు.

బస టెక్కలిలో. గది శుభ్రంగా ఉంది, తెల్లవారుజామున అయిదింటికి గేటు తియ్యడానికి వాచ్‌మన్ విసుక్కోలేదు. పక్షులు చూసేవాళ్లకు ఏసీ కన్నా అదే పెద్ద సౌకర్యం. ఊళ్లో హోటళ్లేం లేవు, నీళ్లూ తిండీ వెంట ఉంచుకోవాలి.

చివరగా ఫిబ్రవరిలో నేలపట్టు. ఒకప్పుడు నెల్లూరు జిల్లా, ఇప్పుడు తిరుపతి జిల్లా, దొరవారిసత్రం మండలం. సూళ్లూరుపేటలో దిగి వెళ్లాలి. చెన్నై నుంచి సూళ్లూరుపేట దాకా లోకల్ రైళ్లున్నాయి, కాబట్టి చెన్నైలో ఉండే తెలుగువాళ్లకు ఇది పొద్దున వెళ్లి రాత్రికి వచ్చే చోటు. ఫ్లెమింగో పండగ రోజుల్లోనూ, శ్రీహరికోటలో రాకెట్ ఉన్నప్పుడూ గదులు దొరకవని అందరూ చెప్పారు. మేం ఆ రెండూ లేని వారం చూసుకున్నాం. మా లాడ్జిలో ఫ్యాను తిరుగుతున్నంతసేపూ లారీ పోతున్నట్టు చప్పుడు. చెవుల్లో దూది పెట్టుకుని పడుకున్నాం.

అడవిశాఖ 1976 నుంచి కాపాడుతున్న చోటు, సుమారు 459 హెక్టార్లు. ఇక్కడ గూళ్లన్నీ చెరువులో సగం మునిగి నిలబడే కడప చెట్ల మీద. ఇనుము లేదు, ఇళ్లు లేవు. నీళ్లలోంచి నేరుగా లేచిన పచ్చటి గుబురు, దాని నెత్తి మీద తెల్లగా పక్షులు. చూడ్డానికి నాలుగింటిలోకీ ఇదే అందమైనది. కానీ దూరం. వాచ్ టవర్ ఎక్కి, మంచి బైనాక్యులర్లు ఉంటేనే ఆ అందం అందుతుంది. లేకపోతే చెట్ల మీద తెల్ల గుడ్డలు ఆరేసినట్టు కనబడుతుంది. ఖాళీ చేతులతో వచ్చిన ఒక కుటుంబం పది నిమిషాల్లో జింకల్ని చూడ్డానికి వెళ్లిపోయింది. వాళ్లను తప్పు పట్టలేం.

ఈ చెరువుకు వానలు ఈశాన్య రుతుపవనాలవి. అవి ఆలస్యమైతే గూళ్లూ ఆలస్యం, మొహం చాటేస్తే గూళ్లే ఉండవు. కడప చెట్టు కింద నీళ్లు లేకపోతే పక్షికి అది చెట్టు కాదు. కాబట్టి క్యాలెండరు కాదు, ఆ ఏడు నవంబరు వానలు చూసుకుని టికెట్ కొనండి. తిండి కోసం పక్షులు పులికాట్ సరస్సు దాకా వెళ్లొస్తాయి. పొద్దున తొమ్మిదిన్నరకు టవర్ మీంచి చూస్తుంటే ఒక్కొక్కటే చెట్టు వదిలి, గాలి దొరికే చోటు వెతుక్కుని, గొడుగులా తిరుగుతూ పైకెళ్లి తూర్పుకు జారిపోయాయి. ఆటపాకలో మేం ఆలస్యంగా వచ్చి పోగొట్టుకున్న దృశ్యం ఇదే, ఇక్కడ మొదటి నుంచీ చూశాం. చెరువు కింద పొలాలున్న రైతొకాయన బాబాయికి తోటి వయసువాడు దొరికాడు. రెట్ట కలిసిన నీళ్లు పారితే యూరియా తక్కువ పడుతుందని ఆయన చెప్పాడు. బాబాయి ఎన్ని బస్తాలు, ఎంత దిగుబడి అని లెక్కలడుగుతూ అరగంట కూర్చున్నాడు. పక్షి మీద ఆయనకు అసలు గౌరవం అప్పుడే వచ్చిందని నా అనుమానం.

ఒక్కచోటికే వెళ్లగలిగితే ఎక్కడికి అని అడుగుతారు కాబట్టి: పిల్లల్ని మేపడం దగ్గరగా చూడాలంటే జనవరిలో తేలినీలాపురం, దూరమైనా సరే. చేప పట్టడం చూడాలంటే పొద్దున్నే ఆటపాక పడవ. కెమెరాకు పెద్ద లెన్స్ ఉండి, ఓపిక ఉంటే నేలపట్టు. మార్చి దాటాక మాత్రం ఎక్కడికీ వెళ్లకండి.

తిరుగు రైల్లో బాబాయి చాలాసేపు కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాడు. గూడూరు దాటాక "సరేలేవే, ఇవి మనవే" అన్నాడు. నేను గెలిచానని సంబరపడేలోపే, "వీటి ముత్తాతలు మాత్రం సైబీరియా నుంచే వచ్చుంటాయి" అని, నా బైనాక్యులర్లు తన సంచిలో సర్దుకున్నాడు. ఇంకా తిరిగివ్వలేదు.